పాత తుపాకియు ధర్మసందేహమును

పాతదానిని బాగుచేయుట మన సంప్రదాయమున పుణ్యకార్యము. శిథిలమైన దేవాలయమును నిలువబెట్టుటకు జీర్ణోద్ధరణమని పెద్దలు గొప్ప పేరు పెట్టిరి. పూడిన బావిని తిరిగి త్రవ్వించినవానిని, చెదలు తినుచున్న తాళపత్రమునకు ప్రతి వ్రాసి కాపాడినవానిని, తెగిన వీణతంత్రిని మరల బిగించినవానిని లోకము మెచ్చుకొనును. ఈ పనులలో ధర్మసందేహమునకు తావు లేదు. గుడి బాగుపడినచో దీపము వెలుగును. బావి బాగుపడినచో దప్పిక తీరును. వీణ బాగుపడినచో పాట వినవచ్చును. కాని అటుకమీద తుప్పుపట్టి పడియున్న పాత తుపాకిని బాగుచేసినచో ఏమగును? అది పేలును. పేలుటకే అది పుట్టినది. అట్టి వస్తువునకు తిరిగి ప్రాణము పోయుట పుణ్యమా, పాపమా, లేక రెండును కాని వట్టి నేర్పరితనమా? ఇది పనివాని ప్రశ్న మాత్రమే కాదు. ధర్మమును గూర్చిన ప్రశ్న.

ఈ ప్రశ్నను ఎచ్చట కూర్చుండియైనను వేసికొనవచ్చును. కాని సిరొంచ సీమలో వేసికొన్నప్పుడు దానికి బరువు హెచ్చును. ప్రాణహిత గోదావరిలో కలియు చోట, కాళేశ్వర క్షేత్రమునకు ఎదుటి ఒడ్డున, తెలుగు మాటాడు ప్రజలు అధికముగా నివసించు తాలూకా అది. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయులకు వదలుకొనగా, సిరొంచ ముఖ్యస్థానముగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో ఆ జిల్లా రద్దయి సిరొంచ చాందా జిల్లాలో చేరెను. 1956 నవంబరు 1వ తేదీన ఆ ప్రాంతము బొంబాయి రాష్ట్రములోనికిని, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రములోనికిని వచ్చెను. 1982 ఆగస్టు 26వ తేదీన గడ్చిరోలి ప్రత్యేక జిల్లా అయ్యెను. ఏలికలు ఇన్నిమారులు మాఱినను అడవియు, ఏఱులును, ఆ ఒడ్డున ఈ ఒడ్డున వినవచ్చు తెలుగును మాఱలేదు. ఇంద్రావతి దాటిన బస్తరు. గోండులును, మాడియాలును, మరాఠీలును, తెలుగువారును కలిసి బ్రతుకు ఈ నేలనే మన పూర్వులు దండకారణ్యమనిరి.

ఈ అడవికి ఆయుధముల జ్ఞాపకము కలదు. 1858లో మొలంపల్లి జమీందారు బాబూరావు శేడ్మాకె ఆంగ్లేయులపై తిరుగబడి, ఆ యేట అక్టోబరు 21వ తేదీన చాందాలో ఉరితీయబడెను. 1980లో గోదావరి దాటివచ్చిన సాయుధ దళములతో మొదలైన పోరు నాలుగు దశాబ్దములకు మించి ఈ జిల్లాను నెత్తుటితో తడిపినది. 2025 అక్టోబరులో, తెలంగాణమున పుట్టిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు సుమారు 60 మంది అనుచరులతో గడ్చిరోలిలోనే ఆయుధములు అప్పగించెను. ఇట్టి చోట తుపాకి యనగా ఒట్టి ఇనుము కాదు. అది ఎవరిదో జ్ఞాపకము, ఎవరిదో భయము, ఎవరిదో శోకము.

ఆ సీమలో పల్లెవాసులు భర్మారు అని పిలుచునది నాటు తుపాకి. మూతి నుండి మందు పోసి, గుండును దింపి, గజమను కడ్డీతో దట్టించి పేల్చుట దాని పద్ధతి. పూర్వము రంజకము పెట్టి ఒత్తితోనో, చెకుముకి రాతి నిప్పుతోనో అంటించెడివారు. చెకుముకి మెఱుపు చూచి పక్షులు ఎగిరిపోవుచున్నవని విసిగిన స్కాట్లండు మతాచార్యుడొకడు, ఫోర్సైతు అనువాడు, తాకిడికే నిప్పు పుట్టెడి మందును వాడు పద్ధతికి 1807లో పేటెంటు పొందెను. అటుపిమ్మట కేపు తొడిగెడి తుపాకులు వ్యాపించినవి. గొట్టము లోపల మెలిదిరిగిన గాడులున్నచో గుండు గిఱగిఱ తిరుగుచు పోయి గుఱి తప్పక తగులును. దానినే రైఫిల్ అందురు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి అట్టిది. 1857 నాటి తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు భారతీయ సిపాయీలకు గాడులు లేని నున్నని గొట్టముల తుపాకులను చేయించి ఇచ్చిరి. తుపాకి గొట్టములోని గాడి సహితము ఒకరు మఱియొకరిని ఎంత నమ్మిరో చెప్పుచున్నది. కావున అమ్మువాడు రైఫిల్ అని పేరు పెట్టినంతమాత్రమున లోపల గాడులుండునని నమ్మరాదు. చేతులు మాఱిన వస్తువు విషయమున అమ్మువాని మాట మొదటి ఆధారమే కాని చివరి ఆధారము కాదు.

ఇట్టి తుపాకిని బాగుచేయగోరువారు మూడు తెగలవారు. తాతగారి చేతి వస్తువని ప్రేమించువాడొకడు. అడవిపందుల వలన పంట దక్కక దిక్కుతోచని రైతొకడు. పూర్వుల పనితనమును చేతితో పట్టి తెలిసికొనవలెనను జిజ్ఞాసువొకడు. ముగ్గురిలో ఎవరిని తప్పుపట్టగలము? ప్రేమ తప్పు కాదు, ఆకలి తప్పు కాదు, జిజ్ఞాస తప్పు కాదు. కావుననే సందేహము సులభముగా తెగదు.

మన చట్టము ఈ సందేహమును ఎఱుగును. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినది. పాత తరహాదియో, పురావస్తు విలువ గలదియో, చెడిపోయినదియో అయి, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరాని ఆయుధమునకు తాను వర్తింపనని ఆ చట్టపు 45వ విభాగము చెప్పుచున్నది. తుపాకిని మరమ్మతు చేయుటకును, పరీక్షించుటకును లైసెన్సు ఉండవలెనని 5వ విభాగము శాసించుచున్నది. పంటను నిజముగా కాపాడుకొనుటకై మూతి నుండి దట్టించు తుపాకికి లైసెన్సు నొసగవచ్చునని 13వ విభాగమున ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. ఈ మూడింటిని కలిపి చదివినచో ఒక తత్త్వము బయటపడును. చట్టము చచ్చిన తుపాకిని విడిచిపెట్టుచున్నది. బ్రతికిన తుపాకిని పట్టుకొనుచున్నది. ఆ రెంటికిని నడుమ నిలిచినది మరమ్మతు చేయు చేయి. బాగుచేయగా బ్రతుకగల తుపాకి, తుప్పుపట్టియున్నను, చచ్చినది కాదు. కాబట్టి ఆకురాయిని చేతబట్టుటకు ముందే కాగితమును చేతబట్టవలెను. వారసత్వముగా వచ్చినను, సంతలో కొన్నను, లైసెన్సు లేని తుపాకి దొరికినవాడు దానిని పోలీసు స్టేషనులో ఒప్పగించుట పిఱికితనము కాదు, పౌరధర్మము.

అయినను చట్టము చెప్పినది చేసినంత మాత్రమున ధర్మము పూర్తియగునా? ఇచ్చట వాల్మీకి రామాయణములోని ఒక కథను తలచుకొనవలెను. అది జరిగినదియు దండకారణ్యప్రవేశ సమయముననే. రాక్షసులను వధించెదనని రాముడు మునులకు మాట యిచ్చిన పిమ్మట, వైరము లేనివారిపై విల్లెక్కుపెట్టుట తగునా యని సీత అనుమానించి, ఒక ముని కథ చెప్పినది. పుణ్యవనమున తపస్సు చేసికొనుచున్న మునియొద్దకు ఇంద్రుడు భటుని వేషమున వచ్చి, ఒక ఖడ్గమును ఇల్లడగా ఉంచి పోయెను. పరుల సొమ్ము పోగొట్టరాదని ముని దానిని కంటికి ఱెప్పవలె కాపాడెను. పండ్లు, దుంపలు తెచ్చుకొనుటకు పోయినను కత్తి వెంట లేక అడుగు వేయలేదు. దినదినమును అది చేత నుండుటచే అతని బుద్ధి క్రమముగా క్రూరమై, తపస్సు సడలి, చివరకు నరకమున పడెను.

ఈ కథలో గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. ఆ ముని కత్తిని కోరి తెచ్చుకొనలేదు. అది ఒకరిచేతి నుండి వచ్చిన ఆయుధము. అతడు అజాగ్రత్తగా నుండి చెడలేదు. జాగ్రత్తగా నుండియే చెడెను. నేడు తుపాకులను గూర్చి వ్రాయువారందఱును జాగ్రత్త, జాగ్రత్త యని చెప్పుదురు. అది అవసరమే. కాని జాగ్రత్త యొక్కటే ధర్మము కానేరదని సీత చెప్పిన కథ హెచ్చరించుచున్నది. ఆయుధమును కాపాడుచున్నామనుకొనుచు మనమే దానికి కావలివాండ్రమగుదుము. ఆ పిమ్మట అదియే మనలను నడిపించును.

రాముడు సీత మాటను కాదనలేదు. ఆమె స్నేహముతో చెప్పినదని మెచ్చుకొనెను. కాని ఆర్తుల మొఱ వినబడకుండుటకే క్షత్రియులు విల్లు పట్టుదురనియు, శరణు కోరిన మునులకు మాట యిచ్చితిననియు బదులు చెప్పెను. ఆయుధము చేతనున్నదని శత్రువును వెదకుట వేఱు. ఆర్తుడు పిలిచినందున ఆయుధమును అందుకొనుట వేఱు. సీత మొదటిదానిని గూర్చి భయపడెను. రాముడు రెండవదానికి కట్టుబడెను. మన పాత తుపాకి సంగతియు ఈ రెండు మాటల నడుమనే తేలవలెను. అందుకై బాగుచేయువాడు తనను తాను నాలుగు ప్రశ్నలు అడుగుకొనవలెనని నాకు తోచుచున్నది.

మొదటి ప్రశ్న: ఇది ఎవరిది? భారత విరాటపర్వమున పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచిరి. ఏడాది గడచిన పిమ్మట ఉత్తరుడు చెట్టెక్కి వానిని చూచి బెదరి, ఇవి ఎవరివి యని అడిగెను. బృహన్నల రూపమున నున్న అర్జునుడు ఒక్కొక్కదాని పేరును, యజమానిని చెప్పిన తరువాతనే గాండీవము చేతికి వచ్చినది. మనము విజయదశమినాడు జమ్మిని పూజింతుము కాని ఉత్తరుని ప్రశ్నను మఱచితిమి. పాత తుపాకి ఎచ్చటినుండి వచ్చినది, ఎవరి లైసెన్సుమీద ఉండినది, ఏ గొడవలో చేతులు మాఱినది అనునది తెలియకుండ దానిని కొనుట తగదు. సాయుధ పోరున భర్మారులు సైతము వాడబడిన గడ్చిరోలి సరిహద్దున ఈ ప్రశ్న వేయనివాడు తన్నే కాక తన యింటివారిని కూడ ఆపదలోనికి దింపును.

రెండవ ప్రశ్న: లోపల ఏమున్నది? పాత తుపాకిని ఎల్లప్పుడు దట్టించియున్నదనియే తలంపవలెను. నల్లమందు తడి తగులకున్నచో నూఱేండ్లకును చావదు. గజమును మూతి నుండి అడుగంట దింపి, మూతియొద్ద గుర్తు పెట్టి, పైకి తీసి, గొట్టము వెంబడి బయట ఆనించి చూచుట పూర్వుల పరీక్ష. కడ్డీ కొన రంజకపు రంధ్రమునొద్దకు వచ్చినచో గొట్టము ఖాళీ. కొన్ని అంగుళములు ముందే ఆగినచో లోపల ఎవరో పెట్టిన గుండు ఉన్నదని అనుమానింపవలెను. దానిని కాల్చి వదలించుట, కొలిమిలో పెట్టుట ప్రాణాంతకము. నీటితో మందును తడిపి, తెలిసిన పనివానిచే గుండును వెలికి లాగింపవలెను. 2008లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, 1861-65 అంతర్యుద్ధము నాటి ఫిరంగి గుండును శుభ్రపఱచుచుండిన సేకర్త ఒకడు అది పేలి మరణించెను. 140 ఏండ్లకు పూర్వము ఎవడో ఎవనిపైననో కోపముతో నింపిన మందు, ఆ కోపముతో ఏ సంబంధమును లేనివానిని చంపెను. మనకు వారసత్వముగా వచ్చునవి అన్నియు ఖాళీగా రావు. పగలు, పట్టుదలలు, పాత అవమానములు కూడ దట్టించిన తుపాకులవలెనే ఒక తరమునుండి ఇంకొక తరమునకు చేరును. వానిని పేల్చి చూచుట కన్న తడిపి తీయుట మేలు.

మూడవ ప్రశ్న: ఇది ఓర్చుకొనగలదా? తుపాకి గొట్టమును ఎక్కువ మందుతో పరీక్షించి ముద్ర వేయు ఆచారము పాశ్చాత్య దేశములలో ఏనాటినుండియో కలదు. లండనులో తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగుహాములో పరీక్షాశాల 1813లో ఏర్పడినది. కాని ఆ ముద్ర ఆనాటి గొట్టమును గూర్చిన సాక్ష్యము. తరువాతి వందయేండ్ల తుప్పును అది చూడలేదు. పైకి నిగనిగలాడు గొట్టము లోపల గుంటలు పడియుండవచ్చును, అతుకులు విడియుండవచ్చును, గుఱ్ఱము సగము ఎత్తున నిలువక జాఱుచుండవచ్చును. కావున పైమెఱుగు పెట్టుట చివరి పని. లోపల చూచుట మొదటి పని. లైసెన్సు గల పనివాడు గొట్టమును చట్రమునకు బిగించి, తాను చాటున నుండి, దూరమునుండి త్రాటితో మీట లాగి పరీక్షించిన తరువాతనే దానిని భుజమున ఆనింపవచ్చును. 1884లో ఫ్రాన్సున పొల్ వియేయ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న పొగలేని మందు జాతి వేఱు. దానిని ఈ పాత గొట్టములలో పోసినచో ఆ ఒత్తిడికి ఇనుము చీలిపోవును. నల్లమందునైనను బుఱ్ఱనుండి నేరుగా పోయరాదు. వేఱు గిన్నెతో కొలిచి పోయవలెను. ముందటి కాల్పున మిగిలిన నిప్పురవ్వ బుఱ్ఱనంతటిని అంటింపవచ్చును. గుండు మందుమీద గట్టిగా కూర్చుండవలెను. నడుమ సందు మిగిలినచో గొట్టము ఉబ్బును, లేదా పగులును. కాల్చిన మందులో సగమునకు మించి మష్టుగా మిగిలి, గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తినును. కావున ఆనాడే వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పూయవలెను.

ఈ నియమములు చదువుటకు సులభము. ఆవేశమున నున్నవానికి పాటించుట దుర్లభము. 1863 జూలైలో అమెరికాలోని గెటిస్‌బర్గు యుద్ధము ముగిసిన తరువాత రణభూమిలో దొరికిన తుపాకులను లెక్కించిరి. 27,000కు పైబడిన వానిలో సుమారు 24,000 దట్టించియే ఉన్నవనియు, వానిలో సగమింటిలో రెండేసి గుండ్లు ఉండెననియు, ఒకదానిలో 23 గుండ్లు ఒకదానిపై ఒకటి ఉండెననియు నమోదైనది. తన తుపాకి పేలలేదని ఎఱుగక, పేలినదని తలచి, మరల మరల దట్టించిన ఆ సిపాయి భయమును ఊహించుకొనుడు. చేతులు నేర్చిన పనిని మనస్సు మఱచిన వేళ సాధనము యజమాని యగును. అందుకే ఈ విద్యలో మిక్కిలి గొప్ప నియమము పేల్చుట గూర్చినది కాదు, పేలనప్పటి నడవడిని గూర్చినది. మీట నొక్కినను పేలనియెడల, మూతిని గుఱివైపే ఉంచి, ఒకటి రెండు నిమిషములు కదలక నిలువవలెను. నిప్పు లోపల మెల్లగా ప్రాకుచుండవచ్చును. ఆ నిమిషము ఓర్వలేనివానికి తుపాకి పట్టు అర్హత లేదు.

నాలుగవ ప్రశ్న: ఎవరి కొఱకు? తొలి మూడు ప్రశ్నలకును నేర్పుతో బదులు చెప్పవచ్చును. దీనికి మాత్రము అంతరాత్మయే చెప్పవలెను. పంట పోవుచున్న రైతు మొఱ నిజమైన మొఱ. చట్టమే దానిని గుర్తించినది. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, అధికారి అనుమతి లేక అడవిజంతువును చంపుటకు వీలులేదు. చప్పుడుతో బెదరించుట చాలునప్పుడు ప్రాణము తీయుట ధర్మమును కాదు. వేట వినోదమునకై పాత తుపాకిని లేపుట ఆ మునికి కత్తి నేర్పిన పాఠమును మనము మరల నేర్చుకొనుటయే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. పేలని తుపాకి పీనుగు వంటిది. శ్రుతి చేయని వీణను అద్దాల పెట్టెలో ఉంచుట ఎట్టిదో, పేల్చని తుపాకిని గోడకు తగిలించుటయు అట్టిదే యని జిజ్ఞాసువు అనును. ఆయుధము చేత నున్నంత మాత్రమున మనిషి చెడునను మాటయు సర్వత్రా నిజము కాదని వాదించును. కొడగు సీమలో కొడవలు ఏటేట కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకులకు పూలు పెట్టి పూజింతురు. లైసెన్సు విషయమున వారికి తరతరములుగా గల మినహాయింపును కేంద్ర ప్రభుత్వము 2019లో మఱియొక పదేండ్లు పొడిగించినది. ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని కొడవల తుపాకిని కాపాడుచున్నది తుపాకి యజమాని ఒక్కడే కాదు. దాని చుట్టు నిలిచిన కులాచారము, పెద్దల చూపు, పండుగ కట్టుబాటు. ఆ కట్టుబాటు లేనిచోట ఆ స్వేచ్ఛను అరువు తెచ్చుకొనలేము. వీణతో పోలికయు కొంతవఱకే చెల్లును. వీణ తప్పు పలికినచో చెవి నొచ్చును. తుపాకి తప్పు పలికినచో ఎదుటి యింట దీపమాఱును.

కావున నా నిర్ణయమిది. పాత తుపాకిని వస్తువుగా బాగుచేయుట, అనగా తుప్పు ఆపుట, పగిలిన కఱ్ఱను అతుకుట, పనితనమును గుర్తించుట, దాని కథను వ్రాసి ఉంచుట, చట్టమునకు లోబడి చేసినంతకాలము మంచి పని. అది పూర్వుల చేతులకు నమస్కారము. దానిని పేలునట్లు చేయుట వేఱొక పని. నాలుగు ప్రశ్నలకును నిర్భయముగా బదులు చెప్పగలవాడే, లైసెన్సు పొంది, నిపుణుని పరీక్ష ముగించి, వెనుక మట్టికట్ట గల తావున, ఆ పనికి పూనుకొనవచ్చును. ఒక్క ప్రశ్నకైనను బదులు తడబడినచో అచ్చటనే ఆగవలెను. అట్లాగినవాని పని సగములో ఆగినది కాదు, పూర్తియైనదే. సిరొంచ వంటి సీమలో, ఎన్నో తుపాకులు ఎన్నియో ఏండ్లు మాటాడిన చోట, ఒక పాత తుపాకిని చక్కగా బాగుచేసి, మౌనముగా ఉంచగలిగినవాడు ఆయుధమునకు కావలివాడు కాక యజమానియే యగును.